నడుం పట్టీ ఆరితేనే తువ్వాలు ఆరినట్టు

ఈత కొట్టి గట్టెక్కాక బట్టలు మార్చుకోవాలి. గది ఉండదు, చాటు ఉండదు, చుట్టూ జనం. తువ్వాలు నడుముకు చుట్టి, కొస లోపలికి దోపి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో ఒంటికి అతుక్కుపోయిన తడి నిక్కరు లాగాలి. రుషికొండ తీరంలో ఈదేవాళ్ళకైనా, ఆగస్టు వానలో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తి తడిసి ముద్దయినవాళ్ళకైనా ఇదే తంటా. ఆడపిల్లలకు ఇంకా కష్టం. మార్చుకునే చోటు లేక తడి బట్టలతోనే ఇంటిదాకా వెళ్తారు, దారి పొడుగునా తొడలు ఒరుసుకుపోతాయి. ఈత, సైకిలు, పరుగు మూడూ వరసగా ఉండే ట్రయథ్లాన్ పోటీల్లోనైతే నలుగురిలో దిగంబరంగా కనబడటం నిబంధనల ప్రకారమే తప్పు. చేయి అడ్డం పెట్టకుండా ఒంటి మీద తనంతట తాను నిలిచే తువ్వాలు ఆటగాళ్ళ బ్యాగులో తప్పక ఉండాల్సిన సామాను. దాన్ని మీ ఊరి టైలరు చేతనే కుట్టించుకోవచ్చు, కుట్టు మిషను ఉంటే ఒక మధ్యాహ్నంలో మీరే కుట్టుకోవచ్చు.

దీనికి రెండు గుణాలు కావాలి: జారకూడదు, త్వరగా ఆరాలి. విడివిడిగా రెండూ తేలికే. జారకూడదంటే నడుం దగ్గర నాలుగు మడతలేసి, లావుపాటి ఎలాస్టిక్ దూర్చి బిగిస్తే సరి. త్వరగా ఆరాలంటే పల్చటి గుడ్డను ఒంటిపొరగా వదిలేస్తే సరి. రెండూ కలిపి కావాలన్నప్పుడే చిక్కు, ఆ చిక్కంతా పై 4 సెంటీమీటర్లలోనే ఉంది. కింది గుడ్డ గంటలో పొడిబారినా, మడతల్లో ఎలాస్టిక్ ఉన్న నడుం పట్టీ సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది. ఆ పట్టీని అలాగే చుట్టి బ్యాగులో పెడితే మర్నాటికి ముక్కిపోయిన వాసన. కాబట్టి ఈ పోస్టులో సగానికి పైగా పట్టీ గురించే.

దోపిన తువ్వాలు ఎందుకు జారుతుంది?

నిలబడి ఉన్నప్పుడు నడుం చుట్టుకొలత ఒకటి, వంగినప్పుడు ఇంకొకటి. వంగగానే పొట్ట ముందుకొచ్చి చుట్టును వదులు చేస్తుంది, దోపిన కొస ఒక పిసరు బయటికి జారుతుంది. మళ్ళీ నిలబడితే పొట్ట వెనక్కి వెళ్తుంది కానీ, జారిన కొస తిరిగి లోపలికి వెళ్ళదు. పరుగు ఆపిన వెంటనే ఊపిరి పెద్దదిగా తీస్తుంటాం, ప్రతి ఊపిరికీ ఇదే జరుగుతుంది. నాలుగైదు సార్లు వంగి లేచేసరికి పట్టు పోతుంది. నూలు లుంగీ ఇంత తేలిగ్గా జారదు. ఎందుకంటే నూలు మీద నూలు రాపిడి ఎక్కువ, మడిచి దోపినప్పుడు ఒక ఉండలా అయి ఆ ఉండే చీలలా పనిచేస్తుంది. అతి సన్నని కృత్రిమ పోగులతో చేసిన నునుపైన మైక్రోఫైబర్‌కు ఆ రాపిడీ లేదు, ఉండ కట్టేంత మందమూ లేదు. పైగా తడిస్తే బరువెక్కి కిందికి లాగుతుంది.

కాబట్టి బిగువుగా కట్టడం ఒక్కటే మందు కాదు. నడుం పెరిగినప్పుడు సాగి, తగ్గినప్పుడు తిరిగి ముడుచుకునేది ఒకటి పట్టీలో ఉండాలి. అది ఎలాస్టిక్. ఆ సాగుడు వెనక భాగంలో ఉండి, బిగించే ఏర్పాటు సాగని ముందు భాగంలో ఉండాలి. ఎలాస్టిక్ మీదే వెల్క్రో (గరుకు, మెత్తటి పట్టీలు ఒకదానికొకటి అతుక్కునే బిగింపు) కుట్టేస్తే పట్టీ సాగినప్పుడల్లా వెల్క్రో అంచు లేస్తుంది. బజారు సరుకులో ఈ తప్పు బాగా కనబడుతుంది.

ఆరడం అంటే నీళ్ళ లెక్క

"త్వరగా ఆరే గుడ్డ" అని చీటీ మీద రాసినంత మాత్రాన గుడ్డ ఆరిపోదు. పిండిన తరవాత చదరపు మీటరు గుడ్డలో ఎన్ని గ్రాముల నీళ్ళు మిగిలాయి, ఎన్ని పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, గాలి ఎంత తగులుతోంది, ఈ మూడే ఆరే సమయాన్ని తేలుస్తాయి.

గుడ్డ మందాన్ని జి.ఎస్.ఎం.లో చెబుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. స్నానానికి వాడే మామూలు టెర్రీ నూలు తువ్వాలు 400 నుంచి 600 దాకా ఉంటుంది. ప్రయాణాలకు అమ్మే పల్చటి మైక్రోఫైబర్ 200 చుట్టూ ఉంటుంది. 150 సెం.మీ. పొడవు, 75 సెం.మీ. వెడల్పు తువ్వాలు తీసుకోండి. 450 జి.ఎస్.ఎం. టెర్రీ అయితే బరువు 506 గ్రాములు, 200 జి.ఎస్.ఎం. మైక్రోఫైబర్ అయితే 225. పిండాక రెండూ తమ తమ బరువంత నీటిని ఉంచుకున్నాయనుకున్నా, మొదటిది అర లీటరు నీళ్ళు ఆర్చుకోవాలి, రెండోది పావు లీటరు కన్నా తక్కువే. మన పల్చటి చేనేత తుండు నూలుదే అయినా గబగబా ఆరడానికి కారణం ఇదే: అందులో పట్టే నీళ్ళే తక్కువ.

దారం స్వభావం తేడా చూపదా అంటే, చూపుతుంది. నూలు పోగు నీటిని తన లోపలికి తీసుకుంటుంది. పొడిగా కనబడే 100 గ్రాముల నూలులో కూడా మామూలు గాలి తేమ వల్ల 7, 8 గ్రాముల నీరు ఉంటుంది. పాలియెస్టర్‌లో అర గ్రాము కూడా ఉండదు. అది నీటిని పోగుల మధ్య సందుల్లోనే పట్టుకుంటుంది, అందుకే గట్టిగా పిండితే ఎక్కువ భాగం వదిలేస్తుంది. వర్షాకాలపు విశాఖలోనో కాకినాడలోనో గాలే తేమతో నిండి ఉన్నప్పుడు మాత్రం ఏ గుడ్డా తొందరగా ఆరదు. అప్పుడు పిండడంలో తీసేసిన నీరే లాభం, తరవాత ఫ్యాను గాలే దిక్కు. అనంతపురం ఎండాకాలంలో ఈ తేడాలేవీ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. తడి తువ్వాలు ఒంటి మీదే ఆరుతుంటే ఆ వేడిని మన ఒంట్లోంచే లాక్కుంటుంది. పావు లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 600 కిలోజౌళ్ళ వేడి కావాలి. చలికాలం పొద్దున్నే ఈత కొట్టి, తడి తువ్వాలు చుట్టుకుని అరగంట కబుర్లాడితే వణుకు పుట్టేది అందుకే. ఇది తుడుచుకుని, చాటున బట్టలు మార్చుకుని విప్పేసే వస్తువు. కట్టుకుని కూర్చునేది కాదు.

ఏ గుడ్డ కొనాలి

నేను ముందుగా చెప్పేది 200 నుంచి 240 జి.ఎస్.ఎం. మధ్య మైక్రోఫైబర్, అందులో 80 పాళ్ళు పాలియెస్టర్, 20 పాళ్ళు పాలీఅమైడ్ (నైలాన్) ఉన్నది. 70, 30 అయితే ఇంకా బాగా పీలుస్తుంది, ధర కూడా ఎక్కువే. ఈ రెండింటినీ కలిపి ఒకే పోగుగా లాగి, తరవాత దాన్ని చీల్చడం వల్లే పోగుల మధ్య నీరు పట్టే సందులు వస్తాయి. చీల్చని ఉత్త పాలియెస్టర్‌ను కూడా మైక్రోఫైబర్ అని అమ్ముతారు. అది నీటిని అటూ ఇటూ నెడుతుంది తప్ప పీల్చదు.

కొట్లోనే తేల్చుకోవచ్చు. అరచేతిని గుడ్డ మీద మెల్లగా రాయండి. చీల్చిన మైక్రోఫైబర్ పొడి చర్మపు గరుకును పట్టి చిన్నగా లాగినట్టుంటుంది, చీల్చనిది పట్టులా జారిపోతుంది. తరవాత వేలి కొసతో ఒక నీటి బొట్టు వేయండి. రెండు మూడు సెకన్లలో ఇంకితే మంచిది, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే వద్దు. కొత్త గుడ్డకు మిల్లు పూత ఉండి మొదట ఇంకకపోవచ్చు కాబట్టి, వీలైతే చిన్న ముక్క తెచ్చుకుని ఒకసారి ఉతికి చూడటం నయం.

మైక్రోఫైబర్‌లో స్వేడ్ రకం నున్నగా ఉంటుంది, ఇసుక దులిపితే పోతుంది, తొందరగా ఆరుతుంది. టెర్రీ రకానికి చిన్న చిన్న ఉచ్చులుంటాయి, ఒళ్ళు తుడుచుకోవడానికి హాయిగా ఉంటుంది కానీ ఇసుక పట్టుకుంటుంది, వెల్క్రో గరుకు తగిలితే పోగులు లేస్తాయి. కట్టుతువ్వాలుకు నా ఓటు స్వేడ్‌కే. దానికో లోపముంది, తడి ఒంటికి అతుక్కుంటుంది. రుద్దకుండా అద్దుతూ తుడుచుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

చెమట వాసన అసలు పడనివాళ్ళు గళ్ళు గళ్ళుగా గుంటలుండే వాఫుల్ నేత నూలు తీసుకోండి, 200 నుంచి 250 జి.ఎస్.ఎం.లో. పాలియెస్టర్ చెమట జిడ్డును పట్టి ఉంచుతుంది, వాసన పుట్టించే బ్యాక్టీరియా దాని మీద బాగా పెరుగుతుంది. నూలుకు ఆ గొడవ తక్కువ. అయితే వాఫుల్ నూలు బాగా కుంచించుకుపోతుంది. కత్తిరించే ముందు వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి ఆరేయకపోతే, కుట్టాక మొదటి ఉతుకులోనే మీ కొలతలన్నీ తప్పుతాయి.

రంగు విషయంలో తొందరపడొద్దు. లేత రంగు పల్చటి గుడ్డ తడిస్తే అవతలిది కనిపిస్తుంది. పొడి గుడ్డలో పోగుల మధ్య గాలి వెలుగును చెదరగొట్టి అడ్డుకుంటుంది. ఆ గాలి స్థానంలో నీరు చేరితే వెలుగు నేరుగా దూసుకుపోతుంది. తెలుపు, లేత పసుపు, లేత గులాబీ ఈ పనికి పనికిరావు. ముదురు నీలం, నెమలికంఠం, మెరూన్, లేదా ఒత్తుగా పూలో గీతలో అచ్చువేసినది తీసుకోండి. ముక్కను తడిపి, అరచేతిని వెనకపెట్టి, ఎండకేసి పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

కొలతలు

ఇది నడుముకు కట్టుకునే రకం. నడుం 82 సెం.మీ., పిరుదుల దగ్గర 96 సెం.మీ. ఉన్న మనిషికి లెక్క చెబుతాను, మీ కొలతలకు మీరు మార్చుకోండి.

ఒక కొస మీద ఇంకో కొస ఎంత మేర పడాలన్నదే ముఖ్యం. 15, 20 సెంటీమీటర్లు సరిపోతుందనుకుంటారు. కాలు ఎత్తి నిక్కరులో పెట్టేటప్పుడు గుడ్డ సరిగ్గా ఆ చీలిక దగ్గరే విచ్చుకుంటుంది. పై కొస ఒక పక్క నుంచి రెండో పక్కదాకా ముందు భాగమంతా కప్పాలి, అంటే నడుం కొలతలో దాదాపు సగం. ఇక్కడ 40 సెం.మీ. పిరుదుల కొలత 96కు 40 కలిపితే కుట్టాక ఉండాల్సిన వెడల్పు 136. పక్క అంచులు మడవడానికి చెరో 2 కలిపి 140 కత్తిరించండి. పొడవు నడుం నుంచి మోకాలి పైదాకా 63, కింద మడతకు 2, పైన 1 కలిపి 66. గుడ్డ 150 సెం.మీ. పన్నాలో వస్తుంది కాబట్టి మీటరు కొంటే సరిపోయి, ముఖం తుడుచుకునే ముక్క కూడా మిగులుతుంది. 220 జి.ఎస్.ఎం. అయితే మొత్తం గుడ్డ బరువు 203 గ్రాములు.

పై అంచును మూడు భాగాలు చేయండి: 48, 40, 48. నడి 40 వీపు వైపు వచ్చేది, అక్కడే ఎలాస్టిక్. నడుముకూ పిరుదులకూ తేడా 14 కదా, ఆ 14 ఈ 40లోనే కుచ్చు పడాలి, అంటే కట్టుకున్నప్పుడు అది 26 అవుతుంది. ఆ 26 దగ్గర కూడా ఎలాస్టిక్ కొంచెం సాగి ఉంటేనే పట్టు. అందుకే 26లో 85 శాతం, 22 సెం.మీ. తీసుకుని, కుట్టులో పోవడానికి ఇంకో 2 కలిపి 24 కత్తిరించండి. మీ తేడా 20 దాటితే నడి భాగాన్ని 40 నుంచి 50కి పెంచి, పక్క భాగాల్లో చెరో 5 తగ్గించండి. లేకపోతే కుట్టేటప్పుడు ఎలాస్టిక్‌ను రెండింతలకు మించి లాగాల్సి వస్తుంది, కుట్లు తెగుతాయి.

ఎలాస్టిక్ వెడల్పు 40 మి.మీ. అల్లిన జడలాంటిది వద్దు, సాగదీస్తే సన్నబడుతుంది, సూది దిగితే బలం పోతుంది. నేసినదో, నిట్ చేసినదో కావాలి. కొట్లో లాగి చూడండి, వెడల్పు తగ్గకుండా సాగితే అదే.

పట్టీ

మామూలుగా టైలర్లు పై అంచును 5 సెం.మీ. మడిచి గొట్టంలా కుట్టి, అందులో ఎలాస్టిక్ దూరుస్తారు. లంగాకూ నిక్కరుకూ అది మంచిదే. ఇక్కడ అదే తప్పు. గుడ్డ రెండు పొరలు, మధ్య ఎలాస్టిక్, పైన కుచ్చులు: గాలి ఆడని తడి సంచి తయారవుతుంది. మనం గొట్టం చేయం. పై అంచును లోపలికి 1 సెం.మీ. మాత్రం మడిచి, ఆ మడత కప్పుకుపోయేలా ఎలాస్టిక్‌ను లోపలి వైపు బయటికి కనబడేలా నేరుగా కుట్టేస్తాం. పట్టీలో ఎక్కువ భాగం గుడ్డ ఒక్క పొరే ఉంటుంది.

ముందు భాగాల్లో, అంటే చెరో 48 సెం.మీ., గుడ్డనే మడిచి మందం తేవాలనిపిస్తుంది. దాని బదులు 40 మి.మీ. వెడల్పు పాలియెస్టర్ రిబ్బను వాడండి. నవారులా గట్టి నేత ఉండాలి, కానీ పల్చగా ఉండాలి. అది నీళ్ళు పట్టదు, వెల్క్రోకూ బటన్లకూ కావాల్సిన బలమంతా ఇస్తుంది. కొసల్ని కొవ్వొత్తి మంటకు ఒక్క క్షణం తాకిస్తే పోగులు ఊడవు.

బిగింపుకు రెండు కావాలి, ఒకటి విఫలమైతే ఇంకోటి పట్టుకోవడానికి. మొదటిది వెల్క్రో, 38 మి.మీ. వెడల్పు, కుట్టే రకం. జిగురున్నది కొంటే సూదికి జిగురు పట్టి దారం తెగుతూనే ఉంటుంది. వెల్క్రో పక్కకు లాగితే ఎంతో బలంగా నిలుస్తుంది, అంచు పట్టుకుని ఒలిస్తే ఇట్టే ఊడుతుంది. నడుం చుట్టూ పడే బలం పక్కకు లాగేదే కాబట్టి అది మనకు అనుకూలం. కానీ వంగినప్పుడు మూల లేచిందా, అక్కణ్ణుంచి ఒలుచుకుపోతుంది. దాన్ని ఆపడానికే రెండోది, మూల దగ్గర ఒక ప్లాస్టిక్ ప్రెస్ బటన్. ఇనుప బటన్ సముద్రపు నీళ్ళకు తుప్పు పట్టి గుడ్డను కూడా పాడుచేస్తుంది.

ఇవి ఎక్కడెక్కడ వస్తాయంటే: పై కొస లోపలి వైపు, అంచు నుంచి 3 సెం.మీ. వదిలి 20 సెం.మీ. మెత్తటి వెల్క్రో. అదే అంచు నుంచి 1.5 సెం.మీ. దగ్గర ప్రెస్ బటన్ పొడుచుకొచ్చిన ముక్క. అడుగు కొస (పై కొస కిందికి, ఒంటి వైపుకు పోయేది) బయటి వైపు, దాని అంచు నుంచి 23 నుంచి 31 దాకా 8 సెం.మీ. గరుకు వెల్క్రో, ఆ తరవాత 33, 37, 41, 45 దగ్గర ప్రెస్ బటన్ గుంట ముక్కలు నాలుగు. గరుకుది పొట్టిగా, మెత్తటిది పొడుగ్గా ఉండటం వల్ల నడుం 76 నుంచి 88 దాకా ఎక్కడ బిగించినా గరుకంతా మెత్తటిదాని కిందే ఉంటుంది. తిరగేసి గరుకుది పొడుగ్గా పెడితే మిగిలిన గరుకు చర్మాన్ని గీరుతుంది, మైక్రోఫైబర్ పోగులు లాగేస్తుంది, నెల తిరక్కుండా గుడ్డ మీద ఉండలు కడతాయి.

చాలామంది మరిచిపోయేది అడుగు కొస. పై కొసనే బిగించి వదిలేస్తే, లోపల ఉన్న అడుగు కొస పట్టు లేక మెల్లగా కిందికి జారుతుంది, దాంతో పట్టీ అంతా వదులవుతుంది. కోటుకు లోపల ఒక గుండీ ఉంటుంది చూశారా, అదే పని ఇక్కడా కావాలి. అడుగు కొస మూలకు 6 సెం.మీ. సన్న ఎలాస్టిక్‌తో ఒక ఉచ్చు కుట్టి, పట్టీ లోపలి వైపు, పై కొస అంచు నుంచి 39, 45 సెంటీమీటర్ల దగ్గర రెండు చదును గుండీలు పెట్టండి. కట్టుకునేటప్పుడు ముందు ఈ ఉచ్చు తగిలించి, తరవాత పై కొస తిప్పి బిగించాలి. రెండు సెకన్ల పని, జారడంలో సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

కుట్టే వరస

స్వేడ్ మైక్రోఫైబర్‌కు 11 నంబరు సూది, కొస గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ రకం. వెల్క్రో, రిబ్బను దగ్గర 14కు మార్చండి. దారం పాలియెస్టర్. కుట్టు పొడవు 3 మి.మీ., మరీ చిన్న కుట్లు ఈ గుడ్డను చిల్లులు పొడిచి చింపేస్తాయి.

మొదట రెండు పక్కలు, తరవాత కింది అంచు 1 సెం.మీ. చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి. గుడ్డను చేత్తో లాగుతూ కుట్టారంటే అంచు పాము మెలికలు తిరుగుతుంది. మిషను పళ్ళు జరుపుతుంటే వదిలేయాలి, జరపకపోతే అడుగున పల్చటి కాగితం పెట్టి కుట్టి తరవాత చింపేయాలి. పై అంచు 1 సెం.మీ. మడిచి టాకాలు వేసుకోండి. చెరో 48 మీద రిబ్బను పైనా కిందా రెండు వరసలు కుట్టండి. ఎలాస్టిక్‌ను నాలుగు సమాన భాగాలుగా చాక్‌పీసుతో గుర్తు పెట్టి, నడి 40ని కూడా అలాగే నాలుగు చేసి, గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చండి. ఎలాస్టిక్ రెండు కొసలూ రిబ్బను మీద 1 సెం.మీ. ఎక్కాలి. సాగదీసి పట్టుకుని జిగ్‌జాగ్ కుట్టు రెండు వరసలు వేయండి. సాదా కుట్టు వేస్తే మొదటిసారి వంగినప్పుడే దారం పటపటా తెగుతుంది. ఎలాస్టిక్ కొసల దగ్గర కుట్టు ముందుకూ వెనక్కీ మూడుసార్లు నడపండి, బలమంతా పడేది అక్కడే.

వెల్క్రో మూలల్ని కత్తెరతో గుండ్రంగా కోసి, చుట్టూ అంచున కుట్టి, నడుమ నిలువుగా ఒక వరస వేయండి. కోసుగా ఉన్న మూల ముందుగా లేస్తుంది. ప్రెస్ బటన్ కోసం కత్తెరతో చిల్లు కోయొద్దు, చెప్పులు కుట్టే ఆరెతో పోగులు పక్కకు నెట్టండి. కోసిన చిల్లు పెరుగుతూ పోయి ఒకరోజు బటనే ఊడి చేతికొస్తుంది.

సముద్రపు గాలికి తేలిక గుడ్డ ఎగిరిపోతుంది. పట్టీకి 30 సెం.మీ. కింద పై కొస అంచున ఇంకో ప్రెస్ బటన్ పెట్టండి, వెనకాల చిన్న రిబ్బను ముక్క వేసి. తాళంచెవికి 10, 14 సెం.మీ. వల గుడ్డ జేబు చాలు, ప్లాస్టిక్ జిప్‌తో. ఫోను పెట్టేంత జేబు పెడితే ఆ బరువుకు పట్టీ ఒక పక్కకు కుంగుతుంది. చివరగా పట్టీ లోపల రెండు కొసల్లోనూ నడిమధ్యా మూడు చిన్న కొక్కేలు కుట్టండి. తాడు మీద సగానికి మడిచి వేస్తే రెండు పొరలవుతుంది, కొక్కేలతో వేలాడదీస్తే ఒకే పొర, రెండు వైపులా గాలి.

ఛాతీ మీద కట్టుకునేదైతే

ఆడవాళ్ళకు కావాల్సింది ఇది, దీని చిక్కు వేరు. నడుముకు కట్టినది పిరుదుల మీద ఆగుతుంది. ఛాతీ పైన కట్టినదానికి కింద ఆపే వంపు లేదు, ఎంత బిగించినా కిందికే జారుతుంది, మరీ బిగిస్తే ఊపిరాడదు. కాబట్టి భుజం పట్టీ తప్పదు. 20 మి.మీ. వెడల్పు రిబ్బను 70 సెం.మీ., వెనక కుట్టి, ఒక భుజం మీదుగా తెచ్చి ముందు ప్రెస్ బటన్‌తో తగిలించేలా పెట్టండి. మెడ చుట్టూ తిప్పే తాడు వద్దు, ముఖ్యంగా పిల్లలకు. ఏదైనా తట్టుకుంటే తాడు మెడకు బిగుస్తుంది, బటన్ అయితే ఊడి వస్తుంది.

చంకల కింద 86, పిరుదులు 98 ఉంటే: పైకొస 42 పడేలా వెడల్పు 140, కత్తిరించేది 144. పై అంచు 50, 40, 50గా చేసి, ఎలాస్టిక్ 24, కుట్టుకు 2 కలిపి 26. పొడవు 85, కత్తిరించేది 88. చంకల కింద కొలిచేటప్పుడు చేతులు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి కొలిచి పెద్దది తీసుకోండి. వెల్క్రో, బటన్లు, లోపలి ఉచ్చు కట్టుకుని చూసుకుని, చాక్‌పీసుతో గుర్తు పెట్టాకే కుట్టండి. ఎలాస్టిక్ లోపలి వైపు సిలికాన్ గీతలున్న రకం దొరికితే వాడండి, సైకిలు నిక్కర్ల కాళ్ళ దగ్గర ఉంటుంది చూడండి, అది. చర్మం మీద నీళ్ళుంటే మాత్రం అది కూడా జారుతుంది. కట్టే చోటును ముందు తుడుచుకుని తరవాత కట్టుకోవాలి.

పరీక్ష

జనం మధ్యకు తీసుకెళ్ళే ముందు ఇంట్లో నిక్కరు మీద కట్టుకుని చూడండి. 20 గుంజీళ్ళు, ఒక్కో కాలు తుంటిదాకా పదేసి సార్లు ఎత్తడం, వంగి పాదాలు ముట్టుకోవడం, చేతులు పైకెత్తి సాగడం. మొదలుపెట్టే ముందు పట్టీ పై అంచు ఎక్కడుందో ఒంటి మీద పెన్నుతో గీత పెట్టుకోండి. 2 సెం.మీ. కన్నా ఎక్కువ దిగితే ఎలాస్టిక్ వదులు, ఇంకో 2 సెం.మీ. తగ్గించాలి. తరవాత తువ్వాలును తడిపి, పిండి, అదంతా మళ్ళీ చేయండి. పొడిగా నెగ్గి తడిగా ఓడిపోయేవే ఎక్కువ. ఆఖరున కింది మూలకు 2 లీటర్ల నీళ్ళ సీసా 10 సెకన్లు వేలాడదీయండి. ఎవరో కాలు వేసి తొక్కినా ఊడదన్న ధైర్యం దీంతో వస్తుంది.

ఆరడానికి వంటింటి డిజిటల్ కాటా చాలు. పొడి బరువు రాసుకోండి, 10 నిమిషాలు నానబెట్టి, పిండి, మళ్ళీ తూచండి. నీడలో వేలాడదీసి అరగంటకోసారి తూస్తూ, పొడి బరువుకు 5 శాతం లోపలికి ఎప్పుడు వచ్చిందో చూడండి. కాటా ఆరిందన్నాక పట్టీకి టిష్యూ కాగితం పెట్టి 10 సెకన్లు గట్టిగా నొక్కండి, ముఖ్యంగా ఎలాస్టిక్ కొసల దగ్గర, వెల్క్రో వెనక. కాగితం మెత్తబడితే ఇంకా ఆరలేదు. గుడ్డకూ పట్టీకీ మధ్య అరగంటకు మించి తేడా ఉంటే ఎక్కడో పొరలు ఎక్కువయ్యాయి. సాధారణంగా రిబ్బను కింద గుడ్డను అనవసరంగా రెండు మడతలు వేసి ఉంటారు.

ఉతకడం

కొలను క్లోరిన్ అయినా సముద్రపు ఉప్పు అయినా ఎలాస్టిక్‌ను తినేస్తాయి. వాడిన రోజే మంచినీళ్ళలో జాడించండి. సబ్బు కొద్దిగా చాలు. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ అసలు వద్దు, పోగుల మీద పూత పట్టి నీళ్ళు పీల్చడమే మానేస్తుంది. అలా అయిపోయినదాన్ని గోరువెచ్చని నీళ్ళు, సబ్బుతో రెండు మూడుసార్లు జాడిస్తే చాలావరకు తిరిగొస్తుంది. నూలు తువ్వాళ్ళతో కలిపి ఉతికితే వాటి నూగంతా మైక్రోఫైబర్‌కే అంటుకుంటుంది. వెల్క్రో మూసి, జిప్ వేసి, వల సంచిలో పెట్టి మిషన్లో వేయండి. ఇస్త్రీ, మరిగే నీళ్ళు రెండూ నిషిద్ధం, ఆ వేడికి పోగులూ ఎలాస్టిక్కూ పాడవుతాయి. ఆరేసేది నీడలోనే.

వెల్క్రో పట్టు తగ్గిందంటే అరిగిపోయిందనుకుని పారేయకండి. గరుకు వైపు వెంట్రుకలు, నూగు, ఇసుక నిండి ఉంటాయి. గుండుసూదితో పైకి లాగి, పాత పళ్ళ బ్రష్‌తో ఒకే దిక్కుకు గీకితే మళ్ళీ పట్టుకుంటుంది. ఎలాస్టిక్ మాత్రం ఒకనాటికి సాగిపోతుంది. లోపలి వైపు బయటికే కనబడేలా కుట్టాం కాబట్టి, రెండు జిగ్‌జాగ్ వరసలు విప్పి కొత్త 24 సెం.మీ. ముక్క వేస్తే అరగంటలో తువ్వాలు మళ్ళీ కొత్తదవుతుంది.